నడిస్తే మెదడుకు సీసం నుంచి రక్షణ దొరుకుతుందా? ఒక పాత కంపోజిటరు ప్రశ్న

పాత కంపోజిటరు, మైలాపూరు

అందరికీ నమస్కారం. ఫోనులో తెలుగు టైపు చేయడం ఇంకా నెమ్మదే. వేళ్ళకు సీసం అక్షరాలు అలవాటు, ఈ అద్దం అలవాటు కాలేదు. తప్పులుంటే మన్నించండి.

నాకు 71 ఏళ్ళు. 1971లో, పదిహేడో ఏట మద్రాసు వచ్చి ఒక తెలుగు అచ్చాఫీసులో కంపోజింగు, అంటే సీసం అక్షరాలు ఒక్కొక్కటే పేర్చే పని, నేర్చుకున్నాను. 1990లో కంప్యూటర్లు వచ్చి మా కేసులన్నీ (అక్షరాలు పెట్టుకునే గళ్ళ పెట్టెలు) పాత సామాన్లవాడికి తూకానికి వెళ్ళేదాకా అదే పని. తరువాత ప్రూఫులు దిద్ది బతికాను. ఇంగ్లీషు కంపోజిటరుకు రెండు కేసులుంటే సరిపోయేది. మాకు గుణింతాలు, వత్తులు కలిపి కొన్ని వందల గళ్ళు. ఎడమ చేతిలో స్టిక్కు, కుడి చేత్తో అక్షరాలు. అచ్చు అయ్యాక ఫారం, అంటే పేజీలుగా బిగించిన అక్షరాలు, విప్పి ఏ అక్షరాన్ని ఆ గడిలో మళ్ళీ వేయాలి. గళ్ళలో దుమ్ము పేరుకుంటే తిత్తితో ఊదేవాళ్ళం, తిత్తి దొరకకపోతే నోటితో ఊదేవాళ్ళం. నాలుగింటికి టీ కుర్రాడు బజ్జీలు తెచ్చేవాడు. చేతులు పంచెకు తుడుచుకుని తినేవాళ్ళం. మా ఫోర్‌మన్ మాత్రం రోజూ ఒక గ్లాసు పాలు తాగమనేవాడు, సీసానికి విరుగుడని. పాలకు డబ్బులిచ్చేవాడు కాదు.

ఇప్పుడు అసలు సంగతి. నిరుడు ఆగస్టులో వాన నీళ్ళలో జారిపడి కటి ఎముక చిట్లింది. ఆపరేషన్ అక్కరలేదన్నారు కానీ రెండు నెలలు మంచం దిగనివ్వలేదు. లేచిన దగ్గర్నుంచీ పేర్లు జారిపోతున్నాయి. పదహారేళ్ళు నా పక్క స్టూలు మీద కూర్చుని పని చేసిన మనిషి పేరు మొన్న అరగంట దాకా రాలేదు. వచ్చాక కూడా అదేనా కాదా అని అనుమానం. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి పట్టుబట్టి రక్తంలో సీసం పరీక్ష చేయించాడు. డెసిలీటరుకు 14 మైక్రోగ్రాములు అని వచ్చింది. చూపించిన చోట డాక్టరు "ఈ వయసులో మతిమరుపు మామూలే" అని ఇంకో రోగిని పిలిచాడు.

వ్యాయామం చేసేవాళ్ళ మెదడును విష లోహాలు అంతగా దెబ్బతీయలేవని ఈ మధ్య ఎక్కడో చదివాను. నేను మళ్ళీ నాగేశ్వరరావు పార్కులో పొద్దున్నే ఇరవై అయిదు నిమిషాలు నడుస్తున్నాను. (ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని వారి పేరు మీద ఉన్న పార్కు. ఒక తెలుగు కంపోజిటరు నడవడానికి అంతకన్నా తగిన చోటు ఈ ఊళ్ళో లేదు.) ఆ నడక నిజంగా మెదడుకు పనికొస్తుందా? ఎంతసేపు నడవాలి? పందొమ్మిదేళ్ళ సీసాన్ని పొద్దుటి నడక కరిగిస్తుందా?

---

పరుగుల పిచ్చి, వేళచ్చేరి

బాబాయి గారూ, ఏమీ భయపడకండి. ఒంట్లోని చెత్తంతా పోవాలంటే చెమటే దారి. నేను ఏటా మారథాన్ పరిగెత్తుతాను. వారానికి నాలుగు రోజులు బాగా చెమట పట్టేలా చేయండి, సీసం, పాదరసం అన్నీ బయటికి పోతాయి. ఆవిరి స్నానం కూడా మంచిది. మీ వయసుకు పరుగు వద్దు కానీ, వేగంగా నడవండి. ముఖ్యంగా మధ్యలో ఆపకండి.

---

పాత కంపోజిటరు, మైలాపూరు

బాబూ, నీ ధైర్యానికి సంతోషం. కానీ చెమటతో పోయేదయితే, మే నెలలో రేకుల షెడ్డు కింద నిలబడి పని చేసిన మా పన్నెండు మంది ఒంట్లో చుక్క సీసం మిగలకూడదు.

---

అడయారు వైద్యురాలు

కంపోజిటరు గారూ, మీరే నాకన్నా ముందు జవాబు చెప్పేశారు. నేను ఇరవై రెండేళ్ళు ఈ ఊరి చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు వైద్యం చేశాను. బ్యాటరీ పనివాళ్ళ రక్తపు నివేదికలు చూడటంలోనే సగం జీవితం గడిచింది. చెమటలో సీసం కొంచెం కనబడుతుంది, నిజమే. అయితే ఒంట్లోంచి అది పోయే అసలు దారులు మూత్రం, పిత్తం. చెమట కోసం ఆవిరి గదిలో కూర్చుంటే డెబ్బై ఏళ్ళ మనిషికి కళ్ళు తిరగవచ్చు. మీరు ఇంకోసారి జారిపడటానికి వీల్లేదు. ఎందుకో చెబుతాను.

సీసం ఒంట్లో చేరాక కాల్షియం వేషం వేస్తుంది. కాల్షియానికి తెరుచుకునే తలుపులన్నీ దానికీ తెరుచుకుంటాయి. అందుకే పెద్దవాళ్ళ ఒంట్లో ఉన్న సీసంలో నూటికి తొంభై పాళ్ళకు పైగా ఎముకల్లో ఉంటుంది. రక్తంలోని సీసం దాదాపు నెల రోజుల్లో సగానికి పడిపోతుంది. ఎముకలో ఉన్నది సగం కావడానికి పదేళ్ళ నుంచి ముప్ఫై ఏళ్ళు పడుతుంది. మీ అచ్చాఫీసు అంతా ఇప్పటికీ మీ ఎముకల్లోనే అద్దెకుంటోంది. అక్కడ ఉన్నంత కాలం మెదడు జోలికి పెద్దగా రాదు. ఎముక అరిగినప్పుడు మాత్రం బయటికొస్తుంది. ఆడవాళ్ళకు నెలసరి ఆగిన తరువాత రక్తంలో సీసం పెరగడానికి కారణం అదే. మంచాన పడినప్పుడూ అంతే. బరువు మోయని ఎముక కాల్షియాన్ని వదులుకుంటుంది, దాని వెంట సీసమూ వస్తుంది. రెండు నెలల మంచం మీకు చేసిన అపకారం నొప్పి ఒక్కటే కాదు.

కాబట్టి నడక చేసే మొదటి మేలు మెదడులో కాదు, కాళ్ళలో ఉంది. మీ బరువు మీ కాళ్ళ మీద పడుతున్నంత కాలం ఎముక గట్టిగా ఉండి తన దగ్గరున్న సీసాన్ని తన దగ్గరే ఉంచుకుంటుంది. పత్రికల్లో ఈ మాట ఎవరూ రాయరు. నాకు మాత్రం ఇదే ముందు చెప్పాలనిపిస్తుంది.

ఇక మెదడు సంగతి. కొత్త విషయం గుర్తుండాలంటే మెదడు కణాల మీద ఎన్‌ఎండీఏ అనే గ్రాహకం, అంటే సంకేతాలు అందుకునే ద్వారం, పని చేయాలి. సీసం సరిగ్గా దాన్నే అడ్డుకుంటుంది. కణాల మధ్య అతుకులు పడటానికి, పడినవి నిలవడానికి బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీను కావాలి. సీసం దాన్నీ తగ్గిస్తుంది. వ్యాయామం చేసే పని దీనికి ఎదురు దిక్కులో ఉంటుంది: కండరాలు కదిలితే బీడీఎన్‌ఎఫ్ పెరుగుతుంది, ఒంట్లో తుప్పులాంటి ఆక్సీకరణ నష్టాన్ని అడ్డుకునే ఎంజైములు పెరుగుతాయి, మెదడుకు రక్తం బాగా అందుతుంది. అంటే సీసం ఏ మీట నొక్కి ఆపుతుందో వ్యాయామం ఆ మీటనే పైకి లేపుతుంది. ఒకటి ఇంకొకదాన్ని కరిగించదు, కడిగేయదు.

ఎలుకల్లో దీనికి సాక్ష్యం ఉంది. 2003లో గిలార్టే బృందం చిన్నప్పుడు సీసం తగిలిన ఎలుకలను రెండు జట్లు చేసింది. ఒక జట్టు మామూలు బోనుల్లో పెరిగింది. రెండో జట్టుకు పెద్ద బోను, తోటి ఎలుకలు, ఆడుకునే వస్తువులు ఇచ్చారు. నేర్చుకునే శక్తి రెండో జట్టుకు తిరిగి వచ్చింది. వాటి మెదడులో ఆ గ్రాహకం తాలూకు భాగం కోలుకుంది, బీడీఎన్‌ఎఫ్ కూడా పెరిగింది. గమనించండి, ఆ ఎలుకలకు దక్కింది పరుగు ఒక్కటే కాదు, తోడు కూడా. మీరు పార్కులో ఒంటరిగా నడుస్తారా?

మనుషుల్లో, 2011లో ఎరిక్సన్ బృందం 55 నుంచి 80 ఏళ్ళ వాళ్ళను 120 మందిని తీసుకుంది. సగం మంది వారానికి మూడు రోజులు 40 నిమిషాల నడక దాకా పెంచుకుంటూ పోయారు. మిగతా సగం ఒళ్ళు విరుచుకునే వ్యాయామాలు మాత్రం చేశారు. ఏడాది తరువాత నడిచిన వాళ్ళలో జ్ఞాపకాల గది అయిన హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది, రెండో జట్టులో తగ్గింది. వాళ్ళు సీసం పనివాళ్ళు కారు, అది మరిచిపోకూడదు. అయినా మీ "ఎంతసేపు" అన్న ప్రశ్నకు నా జవాబు ఇక్కడి నుంచే తీసుకుంటాను: నలభై నిమిషాలు, వారానికి కనీసం మూడు రోజులు, నెమ్మదిగా పెంచుకుంటూ.

లోహానికీ వ్యాయామానికీ నేరుగా పోటీ పెట్టి చూసిన అధ్యయనం ఒకటుంది, మీరు చదివినది దాని తోకే అయి ఉండవచ్చు. డెన్మార్కు ఏలుబడిలో ఫారో దీవులున్నాయి. అక్కడివాళ్ళు పైలట్ తిమింగలం మాంసం తింటారు, అందులో పాదరసం ఎక్కువ. 1986, 87లో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లల బొడ్డుతాడు రక్తంలో పాదరసం కొలిచి పెట్టుకున్నారు. వాళ్ళకు 22 ఏళ్ళు వచ్చాక దాదాపు రెండు వందల మందికి దమ్ము (అలుపు లేకుండా శ్రమించే శక్తి) ఎంతుందో, జ్ఞాపకం ఎలా ఉందో పరీక్షించి 2017లో ప్రచురించారు. దమ్మున్న వాళ్ళకు తక్షణ జ్ఞాపకం, ఆలోచన వేగం మెరుగ్గా ఉన్నాయి. బాగానే ఉంది. కానీ పాదరసం లెక్క ప్రకారం విడదీసి చూస్తే, ఆ లాభం తల్లి కడుపులో తక్కువ పాదరసం తగిలిన వాళ్ళలోనే కనబడింది. ఎక్కువ తగిలిన వాళ్ళకు దమ్ము ఉన్నా లాభం కనబడలేదు. వార్తలో తలకిందులుగా రాసి ఉంటారు. వ్యాయామం ఏ విషానికైనా కవచం అని దాని అర్థం కాదు. విషం ఎక్కువైతే వ్యాయామం చేసే మేలును కూడా అదే మింగేయవచ్చు.

అందుకే మీ 14 దగ్గర ఆగిపోయాను. 5 దాటితే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 35 ఏళ్ళ కిందట మానేసిన పని, మంచాన పడిన రెండు నెలలు, రెండూ కలిపినా నాకు లెక్క సరిపోవడం లేదు. ఈ రెండు మూడేళ్ళలో ఇంట్లోకి కొత్తగా ఏమి వచ్చింది? మోకాళ్ళ నొప్పికి భస్మాలు, గుళికలు తింటున్నారా? 2004లో అమెరికాలోని బోస్టన్‌లో అమ్ముతున్న 70 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికింది. విడిగా కొన్న పసుపు? పాత పెయింటు గీకించారా? వంట గిన్నెలు? మైలాపూరులో ఉంటూ చారు దేనిలో కాస్తున్నారో కూడా చెప్పండి.

---

అంబత్తూరు వెల్డరు

అయ్యా, నేను పెద్ద చదువు చదవలేదు. ఇరవై ఏళ్ళ నుంచి వెల్డింగు పని. మాది మాంగనీసు పొగ. అది మెదడులో కదలికలు చూసుకునే చోట చేరుతుందట. ముదిరితే మనిషి మునివేళ్ళ మీద కోడిపుంజులా నడుస్తాడని మాకు క్లాసులో చెప్పారు.

ఒక్క మాట చెప్పాలని రాస్తున్నా. వ్యాయామం మంచిదని భోజనం విరామంలో షెడ్డులోనే బస్కీలు తీసేవాణ్ణి. మా సేఫ్టీ ఆఫీసరు చూసి తిట్టారు. రొప్పుతూ పీలిస్తే మామూలుగా కూర్చున్న దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ గాలి లోపలికి పోతుంది, దానితో పాటు పొగ కూడా. అప్పటి నుంచి ఇంటికి వెళ్ళి స్నానం చేసి, బట్టలు మార్చుకుని, అప్పుడు చెరువు గట్టు మీద నడుస్తున్నా. పని బట్టలు ఇంట్లో వాళ్ళ బట్టలతో కలిపి ఉతకనివ్వను. విషం ఉన్న చోట వ్యాయామం చేస్తే విషానికే బలం. ఇంతే నాకు తెలిసింది.

---

పాత కంపోజిటరు, మైలాపూరు

వెల్డరు తమ్ముడూ, బట్టల మాట రాసి నా గుండెలో గుచ్చావు. పందొమ్మిదేళ్ళు నా పంచెలు, చొక్కాలు మా ఆవిడ చేత్తోనే ఉతికింది. మా అబ్బాయి 1984లో పుట్టాడు. నేను ఇంటికి రాగానే వచ్చి కాళ్ళకు చుట్టుకునేవాడు. చేతులు కడుక్కునేదాకా కూడా ఆగేవాణ్ణి కాదు, ఎత్తుకునేవాణ్ణి. సరే, అది ఇప్పుడు రాసి ఏమి లాభం.

డాక్టరమ్మా, మీ జవాబు మూడుసార్లు చదివాను. ప్రూఫు చదివినట్టు చదివాను. పార్కులో ఒంటరిగా నడవను. ఇద్దరు తమిళ మిత్రులున్నారు, ఒకాయన రిటైర్డు తపాలా ఉద్యోగి, దారి పొడుగునా రాజకీయాలే. ఎలుకల లెక్కలో నాకు పెద్ద బోనే దొరికిందన్న మాట.

భస్మాలు తినను. పసుపు మా ఆవిడ కొమ్ములు కొని ఆడిస్తుంది. రంగులు వేయించి పదేళ్ళు. కానీ మీ ఆఖరి మాట చదివి వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. మా ఆవిడది నెల్లూరు. పెళ్ళయి వచ్చాక పక్కింటి మామి దగ్గర చారు నేర్చుకుంది, ఈయం చెంబుతో సహా. ఇక్కడివాళ్ళు ఈయచ్చొంబు అంటారు. ఈయం అంటే తగరం. పాత చెంబు మంచిదే. రెండేళ్ళ కిందట ఫోను మాట్లాడుతూ ఖాళీ చెంబును పొయ్యి మీద మరిచిపోయింది. వచ్చి చూసేసరికి స్టవ్వు మీద వెండి మడుగు. ఆ వారమే కోవెల పక్క వీధిలో ఒక కొట్లో కొత్తది కొంది. స్వచ్ఛమైన ఈయం అన్నాడట. నేను మంచాన పడిన రెండు నెలలూ నోటికి హితవుగా ఉంటుందని పూటకో గ్లాసు వేడి చారు అందులో కాచి ఇచ్చేది.

---

జయనగరం అమ్మాయి

బాబాయి గారూ, నేను బెంగళూరు నుంచి. సీసం గురించి ఈ దేశంలో పెద్ద పని జరిగింది మా ఊళ్ళోనే. సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ ఆచార్యుడు తుప్పిల్ వెంకటేశ్ గారు పిల్లల రక్తంలో సీసం గురించి దశాబ్దాలు వాదించారు. 2000లో సీసం పెట్రోలు పోయింది. 2016 నిబంధనలతో ఇంటి పెయింట్లలో సీసానికి 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) హద్దు వచ్చింది. అందుకని రోడ్డు దుమ్ము మీద అనుమానం నాకు తక్కువ, వంటింటి మీదే ఎక్కువ.

మీ అబ్బాయి ఇక్కడే ఉంటారన్నారు. మనవలున్నారా? సెలవులకు అక్కడికి వస్తారా? పెద్దవాళ్ళు మింగిన సీసంలో సుమారు పదో వంతు ఒంటబడితే, చిన్నపిల్లలకు సగం దాకా ఒంటబడుతుంది. మిమ్మల్ని బెదిరించాలని కాదు. ముందు ఆ చెంబు పక్కన పెట్టండి.

---

పాత కంపోజిటరు, మైలాపూరు

అమ్మాయీ, ఉన్నాడు. అయిదేళ్ళవాడు. మొన్న వేసవిలో నెల రోజులు ఇక్కడే. నానమ్మ చారంటే ప్రాణం.

చెంబు సంగతి తేల్చాను. అచ్చాఫీసు మనిషికి సీసం, తగరం తేడా చెప్పడానికి ప్రయోగశాల కావాలా? మా అక్షరాలు సీసం, యాంటిమొనీ, తగరం కలిపి పోసినవే. ఫౌండ్రీలో కడ్డీలు చూసి పెరిగినవాణ్ణి. తగరం కడ్డీ వంచితే కీచుమని ఏడుస్తుంది. చెంబు అంచు కొద్దిగా వంచి చెవి దగ్గర పెట్టాను. మౌనం. తెల్ల కాగితం మీద గీశాను. పెన్సిలు గీసినట్టు బూడిద రంగు గీత పడింది. అప్పటికే సగం తెలిసిపోయింది, కానీ గీతను చూసి కాపురంలో తగవు పెట్టుకోలేము కదా.

తూకం వేశాను. మా ఆవిడ స్వీట్లు చేసే కాటా మీద 534 గ్రాములు. ఒక స్టీలు బేసినులో అంచుదాకా నీళ్ళు పోసి, చెంబును పక్కకు వంచి గాలి బుడగలు లేకుండా ముంచి, పొంగిపోయిన నీళ్ళను కింద పళ్ళెంలో పట్టి తూచాను. మూడుసార్లు చేశాను. 59, 61, 60 గ్రాములు. అంటే నీళ్ళకన్నా 8.9 రెట్లు బరువు. తగరం 7.3 రెట్లు, సీసం 11.3 రెట్లు. అసలు తగరమైతే 73 గ్రాముల నీళ్ళు పొంగాలి. 60 పొంగాయంటే చెంబులో సగానికి సగం సీసం. టంకం కడ్డీల లెక్క అది. అచ్చాఫీసు వదిలి వచ్చాననుకున్నాను. అది చెంబు వేషంలో వచ్చి నా పొయ్యి మీద కూర్చుంది.

మా ఆవిడ నమ్మలేదు. "తంజావూరు సరుకు అన్నాడు, మంచి బరువుగా ఉందనే కదా కొన్నాను" అంది. బరువుగా ఉండటమే దాని తప్పు అని చెప్పడానికి గంట పట్టింది.

---

అడయారు వైద్యురాలు

కంపోజిటరు గారూ, మీ నీళ్ళ లెక్క చూసి లేచి నిలబడ్డాను. ఇంటి కాటా లెక్క సాక్ష్యానికి చాలదు, చెంబును లోహాలు పరీక్షించే ప్రయోగశాలకు పంపండి. దాని జవాబు వచ్చేదాకా మాత్రం అందులో మంచినీళ్ళు కూడా పోయకండి. చింతపండు పులుపు, టమాటా పులుపు, వేడి, ఇవి మూడూ కలిస్తే సీసం చారులోకి దిగుతుంది. పైగా ఖాళీ కడుపున తాగితే ఒంటబట్టేది ఇంకా ఎక్కువ. మంచం మీద పూటకో గ్లాసు అన్నారు. నా లెక్క ఇప్పుడు సరిపోయింది.

మీ శ్రీమతి గారికి, మనవడికి ఈ వారమే పరీక్ష చేయించండి. పిల్లవాడికి 3.5 దాటితే అక్కడి పిల్లల వైద్యుడికి చెంబు కథ మొత్తం చెప్పమనండి. ఇనుము, కాల్షియం తక్కువున్న పిల్లలకు సీసం ఎక్కువ ఒంటబడుతుంది కాబట్టి రక్తహీనత కూడా చూడాలి. మీ ఫోర్‌మన్ పాలు విరుగుడు కాదు. కానీ అందులోని కాల్షియం సీసంతో పోటీ పడుతుంది కాబట్టి ఆయన మాట పూర్తిగా అబద్ధమూ కాదు. డబ్బులు మాత్రం ఇవ్వాల్సింది.

మీ అంకెకు సీసాన్ని లాగే ఇంజెక్షన్లు అక్కరలేదు. ఎవరైనా "ఒంటిని శుభ్రం చేస్తాం" అని సెలైను సీసా వేలాడదీస్తే లేచి వచ్చేయండి. మూలం ఆగింది కాబట్టి రక్తంలోది నెలనెలా తగ్గుతుంది. మూడు నెలలకు మళ్ళీ పరీక్ష. ఎముకల నుంచి ఊరేది ఉంటుంది కాబట్టి సున్నాకు రాదు. మతిమరుపుకు సీసం ఒక్కటే కారణమని నేను అనను. థైరాయిడ్, బి12, వినికిడి కూడా చూపించండి. పేరు సరిగా వినబడకపోతే గుర్తుండదు.

ఇక మీ మొదటి ప్రశ్న. నడక ఆపకండి. ఇరవై అయిదును వారానికి అయిదు నిమిషాల చొప్పున పెంచి నలభైకి తీసుకెళ్ళండి. తపాలా మిత్రుడితో మాట్లాడుతూ వాక్యం పూర్తి చేయగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం చాలు. ఇంట్లో చేతులు ఆనకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి, పక్కన గోడ ఉండాలి. వాన పడిన రోజు పార్కు వద్దు, ఇంటి వరండాలో నడవండి. సీసం పనివాళ్ళ మీద జరిగిన ఒక అధ్యయనంలో, ఒకే మోతాదు సీసం తగిలినా చదివే అలవాటు, భాష మీద పట్టు ఉన్నవాళ్ళ ఆలోచన శక్తి తక్కువ దెబ్బతింది. చేతుల చురుకుదనం మాత్రం ఇద్దరికీ సమానంగానే తగ్గింది. యాభై ఏళ్ళుగా అక్షరాలతోనే గడిపిన మీకు ఆ నిల్వ కొంత ఉండే ఉంటుంది. టైపు చేయడం నెమ్మది అన్నారు కదా, అది మాత్రం ఒకసారి నరాల డాక్టరుకు చూపించండి.

---

పరుగుల పిచ్చి, వేళచ్చేరి

బాబాయి గారూ, చెమట మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా అమ్మమ్మ ఇంట్లోనూ అలాంటి చెంబు ఉంది. ఈ ఆదివారం బేసిను, కాటా పట్టుకుని వెళ్తున్నాను.

---

పాత కంపోజిటరు, మైలాపూరు

పది రోజుల తరువాత రాస్తున్నాను, అడిగినవాళ్ళకు జవాబు బాకీ పడకూడదని.

మా ఆవిడకు 11. మనవడికి 4.2 వచ్చింది. అక్కడి పిల్లల డాక్టరు ఇనుము మందు రాసి మూడు నెలలకు రమ్మన్నాడు. మా అబ్బాయి ఫోనులో ఏమీ అనలేదు, అందుకే రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు వాడే ఫోను చేసి, నాన్నా, నాకూ పరీక్ష చేయించుకున్నాను, 2 కన్నా తక్కువే అన్నాడు. అది ఇప్పటి రక్తం లెక్క, 1984 లెక్క కాదని డాక్టరమ్మ జవాబు చదివిన నాకు తెలుసు. వాడికి చెప్పలేదు.

చెంబును ప్రయోగశాలకు పంపాము. కొట్టువాడి దగ్గరకు మా ఆవిడే వెళ్ళింది, నేను వద్దన్నా వినకుండా, నేను కాగితం మీద గీసిన గీతను మడిచి జాకెట్లో పెట్టుకుని. వాడు ఇంకో చెంబు ఇస్తానన్నాడట. ఆ చెంబును కూడా కాగితం మీద గీసి చూపించి వచ్చింది.

నడక ముప్ఫై నిమిషాలకు వచ్చింది. నరాల డాక్టరు వచ్చే నెల. ఆ పక్క స్టూలు మనిషి పేరు నిన్న పార్కు మూడో చుట్టులో దానంతటదే వచ్చింది, తపాలా మిత్రుడు పెట్రోలు ధర గురించి తిడుతుండగా. అడక్కుండానే పైకి అనేశాను. ఆయన అదెవరో మంత్రి అనుకుని ఆయన్నీ తిట్టాడు.

ఇప్పుడు చారు స్టీలు గిన్నెలోనే. రుచి పోయిందని మా ఆవిడ రోజూ అంటోంది. నాకు తేడా ఏమీ తెలియడం లేదు కానీ, అవునవును అంటున్నాను.